పరిశోధకుని చిట్టా

మన పెద్దలలో వర్తకము చేసినవారి యిండ్ల యందు చిట్టా, ఆవర్జా అని రెండు పుస్తకములు ఉండెడివి. ఏ దినమున జరిగిన బేరము ఆ దినముననే చిట్టాలోని కెక్కవలెను. ఆవర్జాను తరువాత తీరికగా, పద్దుల వారీగా, అందముగా వ్రాసికొనవచ్చును. చిట్టా మాత్రము ఆలస్యమును సహింపదు. తగవు వచ్చినప్పుడు పెద్దమనుష్యులు ముందుగా అడిగెడిది చిట్టానే. ఏలయనగా ఆవర్జా ఆలోచించి వ్రాసినది. చిట్టా జరిగినది జరిగినట్లు, జరిగిననాడే వ్రాసినది.

శాస్త్ర పరిశోధకునకు కూడ ఇట్టి రెండు పుస్తకములు కలవు. ఆతడు పత్రికలలో ప్రకటించు వ్యాసము ఆవర్జా వంటిది. ప్రయోగశాలలో బల్ల మీద ఉండు నోటుపుస్తకము చిట్టా వంటిది. వ్యాసమున విజయము మాత్రమే కనబడును. నోటుపుస్తకమున విఫలమైన ప్రయత్నములు, పగిలిన గాజు కుప్పెలు, నడిరాత్రి తోచిన ఊహలు, మరునాడు ఉదయము తేలిన తప్పులు, అన్నియు కనబడును. ఇప్పుడా నోటుపుస్తకము కాగితమును విడిచి కంప్యూటరులోనికి చేరినది. ఈ మార్పు వలన పరిశోధకుని శ్రమఫలమునకు కలిగిన రక్షణ యెంత, కలిగిన అపాయ మెంత అనునదే నేటి మా ప్రసంగ విషయము.

ఇది ప్రయోగశాలల వారికి మాత్రమే సంబంధించిన మాట అని శ్రోతలు అనుకొనవలదు. హైదరాబాదు, విశాఖపట్టణము పరిసరములలోని ఔషధ పరిశ్రమలలోను, విశ్వవిద్యాలయములలోను, ప్రభుత్వ పరిశోధనాలయములలోను పనిచేయు యువతీయువకులు మన యిండ్లలోని పిల్లలే. వారు పగలంతయు ఏమి చేసిరో చెప్పగల సాక్షి ఆ నోటుపుస్తక మొక్కటే.

కాగితపు నోటుపుస్తకమునకు పూర్వము నుండి కొన్ని కట్టుబాట్లు ఉన్నవి. పుస్తకము గట్టి కుట్టుతో బైండు చేసినదై యుండవలెను. విడి కాగితములు పనికిరావు. పుటలకు ముందుగానే సంఖ్యలు అచ్చువేసి యుండవలెను. పెన్సిలుతో కాక సిరాతో వ్రాయవలెను. తప్పు వ్రాసినచో చెరిపివేయరాదు. క్రింది అక్షరములు చదువ వీలగునట్లు ఒక్క గీతతో కొట్టివేసి, ప్రక్కన పొడి అక్షరములతో సంతకము చేయవలెను. పుటలో ఖాళీ మిగిలినచో అడ్డగీత గీయవలెను. చివర తేదీ వేసి సంతకము చేయవలెను. తరువాత, ఆ పనిలో పాలుపంచుకొనకయే దానిని అర్థము చేసికొనగల మరియొకరు చదివి, సాక్షిగా సంతకము చేయవలెను. దస్తావేజునకు సాక్షి సంతకము ఎట్టిదో దీనికిని అట్టిదే.

ఈ కట్టుబాట్ల విలువ తెలిసికొనుటకు ఒక నిజమైన కథ చెప్పెదము. 1957 నవంబరులో, న్యూయార్కు నగరమందలి కొలంబియా విశ్వవిద్యాలయమున గోర్డన్ గౌల్డు అను పరిశోధక విద్యార్థికి ఒక గొప్ప ఊహ కలిగెను. కాంతిని ఒకే తీరున, ఒకే దిశగా, మహాశక్తితో ప్రసరింపజేయు సాధనము నెట్లు నిర్మింపవచ్చునో ఆతడు నోటుపుస్తకమున వ్రాసి, దానికి ‘లేజరు’ అని పేరు పెట్టెను. నేడు కంటి శస్త్రచికిత్స మొదలు దుకాణములలో వస్తువుల ధర చదువు యంత్రము వరకు వ్యాపించిన పేరు అదియే. గౌల్డు ఆ నోటుపుస్తకమును ఒక మిఠాయి దుకాణమునకు తీసికొని పోయెను. ఆ దుకాణదారు నోటరీ కూడ అగుటచే, పుటల మీద ముద్రలు వేసి తేదీని ధ్రువపరచెను.

ఇంతవరకు బాగుగనే యున్నది. కాని యంత్రమును నిర్మించి చూపినగాని పేటెంటు దరఖాస్తు పెట్టరాదని గౌల్డు పొరపాటుగా తలచెను. ఈలోపల చార్లెస్ టౌన్సు, ఆర్థర్ షాలో అను శాస్త్రజ్ఞులు ఇంచుమించు అట్టి భావముతోనే 1958 జులైలో దరఖాస్తు పెట్టిరి. గౌల్డు దరఖాస్తు 1959 ఏప్రిలులో మాత్రమే చేరెను. 1960 మార్చిలో టౌన్సు, షాలోలకు పేటెంటు లభించెను.

నాటి అమెరికా చట్టము ప్రకారము ముందు దరఖాస్తు పెట్టినవానికి గాక, ముందు కనిపెట్టినవానికి హక్కు కలదు. కనుక గౌల్డు తన నోటుపుస్తకమును చేతబట్టి న్యాయస్థానము నాశ్రయించెను. 1966లో తీర్పు ఆతనికి ప్రతికూలముగా వచ్చెను. ప్రత్యర్థులు దరఖాస్తు పెట్టుటకు కొంచెము ముందు మొదలు తాను దరఖాస్తు పెట్టిన దినము వరకు ఎడతెగక శ్రద్ధతో పనిచేసినట్లు ఋజువు చూపవలెను. ‘ఏ వారమును, ఏ మాసమును నేను ఊరకయుండలేదు’ అని నోటితో చెప్పినంత మాత్రమున చాలదని న్యాయస్థానము భావించెను. నోటిమాట నీటిమూట యని మనవారు ఊరక అనలేదు. తరువాత వేరు వేరు అంశములపై పోరాడి పోరాడి, 1977లో ఒక పేటెంటును, 1987లో మరియొక ముఖ్యమైన పేటెంటును గౌల్డు సంపాదించెను. ముప్పదియేడవ యేట వ్రాసిన పుటలకు అరువదియేడవ యేట గాని పూర్తి ఫలము దక్కలేదు.

ఈ కథనుండి సామాన్యముగా చెప్పెడి నీతి, తేదీతో ముద్ర వేయించుకొనవలెనని. మాకు మాత్రము ఇందు మరియొక నీతి కనబడుచున్నది. నోటరీ ముద్ర ఆ ఒక్క దినమునకే సాక్షి. తరువాతి దినములకు సాక్ష్యము కావలెనన్నచో, ఆ దినములందును వ్రాయుచునే యుండవలెను. చిట్టాకు ప్రాణము ముద్ర కాదు, ఎడతెగని వ్రాత.

ఇక్కడ శ్రోతలకొక సందేహము కలుగవచ్చును. మనదేశమున ఒకే విషయమునకు ఇద్దరు పోటీపడినప్పుడు ముందు దరఖాస్తు పెట్టినవారిదే పైచేయి. అమెరికా దేశమును 2011లో చట్టము మార్చి, 2013 మార్చి 16 నుండి ఈ పద్ధతికే వచ్చినది. అట్లైన నోటుపుస్తకముతో ఇక పని యేమి?

పని కలదు. మొదటిది, ముందు దరఖాస్తు పెట్టినవాడు ఆ విషయమును మన వద్దనుండియే అపహరించి యుండవచ్చును. అట్లు అన్యాయముగా సంపాదించినదను కారణముపై అభ్యంతరము తెలుపుటకు మన 1970వ సంవత్సరపు పేటెంటు చట్టము అవకాశ మిచ్చుచున్నది. కాని అపహరణమును నిరూపించుటకు ముందు ఆ సొమ్ము మనదని నిరూపింపవలెను గదా! రెండవది, నిజముగా కనిపెట్టినవారి పేరు పేటెంటుపై ఉండునట్లు కోరు హక్కును ఆ చట్టమే ఇచ్చినది. పదిమంది కలసి చేసిన పనిలో ఎవరి బుద్ధి యెంత అని తేల్చునది నోటుపుస్తకమే. మూడవది, పరిశ్రమలు పేటెంటు తీసికొనక రహస్యముగా కాపాడుకొను విధానములు అనేకములు కలవు. ఆ రహస్యము తమ వద్ద ఎప్పటినుండి యున్నదో చూపుటకు వేరు ఆధారము లేదు.

ఇక కంప్యూటరు నోటుపుస్తకము మాట. దానిలోని సౌకర్యములు అనేకములు. పదేండ్ల క్రింద చేసిన ప్రయోగమును క్షణములో వెదకి తీయవచ్చును. త్రాసు, సూక్ష్మదర్శిని మొదలగు సాధనముల కొలతలు చేతివ్రాత లేకయే నేరుగా వచ్చి చేరును. కాగితమునకు చెద పట్టును. ఆమ్లము చిందిన చిల్లు పడును. కంప్యూటరు వ్రాతకు ఆ బాధ లేదు. కాని కాగితమునకు ఉన్న ఒక గుణము దీనికి లేదు. కాగితము తనపై జరిగిన దౌర్జన్యమును దాచలేదు. చెరిపిన చోట గరుకు దేరును; చించిన పుట కుట్టు వద్ద ఆనవాలు మిగులును; పాత సిరాకు, క్రొత్త సిరాకు భేదము తెలియును. 1980 దశకము చివర అమెరికాలో ఒక జీవశాస్త్ర ప్రయోగశాల నోటుపుస్తకములపై వివాదము చెలరేగగా, ప్రభుత్వ నిపుణులు సిరాను, కాగితమును పరీక్షించిరి. ఆ నిందకు గురియైన శాస్త్రజ్ఞురాలు 1996లో అప్పీలుపై ఆరోపణలనుండి విముక్తి పొందెను. కంప్యూటరులోని సామాన్యమైన వ్రాతకు సిరా లేదు, గరుకు లేదు. నిన్నటి అంకెను నేడు మార్చి, నిన్నటి తేదీయే ఉంచినచో, చూచినంతనే కనిపెట్టుట దుస్సాధ్యము.

ఆ వివాదమును గమనించినవారిలో స్కాట్ స్టోర్నెట్టా అను శాస్త్రజ్ఞు డొకడు. కాగితము లేని లోకమున తేదీని నమ్ముట ఎట్లు అను ప్రశ్న ఆతనిని పట్టుకొన్నది. ఆతడును, స్టూవర్ట్ హేబరు అను మరియొకడును కలసి 1991లో ఒక ఉపాయమును ప్రకటించిరి. దానిని గృహస్థ భాషలో చెప్పుటకు యత్నించెదము.

మనిషికి వ్రేలిముద్ర యెట్టిదో, కంప్యూటరులోని ప్రతి వ్రాతకు గణితముచే అట్టి ముద్ర నొకదానిని తీయవచ్చును. దీనికి హ్యాషు అని పేరు. పుస్తకము వెయ్యి పుటలదైనను, నేడు విరివిగా వాడబడు ఒక పద్ధతిలో, ఈ ముద్ర 64 చిహ్నములకు మించదు. పుస్తకములో ఒక్క కామా మార్చినను ముద్ర పూర్తిగా మారిపోవును. వ్రేలిముద్రను చూచి మనిషి ముఖమును చిత్రింపలేనట్లే, ఈ ముద్రను చూచి లోపలి రహస్యమును తెలిసికొనలేము. కనుక నోటుపుస్తకమును బీరువాలోనే ఉంచి, దాని ముద్రను మాత్రము లోకమునకు చూపవచ్చును.

వీరు ఇంకొక అడుగు వేసిరి. అనేకుల వ్రాతల ముద్రలను గొలుసువలె ఒకదానితో నొకటి ముడివేసిరి. వీరు నెలకొల్పిన సంస్థ, వారమునకు ఒకసారి అన్నిటికి కలిపి ఒక ముద్ర తీసి, 1995 నుండి న్యూయార్కు టైమ్సు పత్రికలో చిన్న ప్రకటనగా వేయించుచు వచ్చెను. ఇక ఆ వారపు వ్రాతలో ఒక్క అక్షరము మార్చవలెనన్నచో, ఇంటింట గ్రంథాలయములందు చేరిన ఆ పత్రిక ప్రతులన్నిటిని మార్చవలెను. అది యెవరి తరము? కంప్యూటరు యుగపు తేదీకి చివరకు దినపత్రికయే సాక్షి యగుట వినోదమే గాని, అందలి వివేకము గొప్పది. సాక్షి యెప్పుడును మన గుప్పిటిలో ఉండరాదు.

అయితే ఈ ముద్ర ఏమి చెప్పును, ఏమి చెప్పదు అనునది గుర్తెరుగవలెను. ఈ వ్రాత ఫలానా దినమునకే ఉన్నదని, తరువాత మారలేదని మాత్రమే అది చెప్పును. వ్రాసినది సత్యమని చెప్పదు. వ్రాసినవారెవరో కూడ తనంత తాను చెప్పదు. అబద్ధమునకు లక్కముద్ర వేసినంతనే అది సత్యము కానేరదు.

వ్రాసినవారెవరను ప్రశ్నకు సంబంధించి మా అనుభవ మొకటి చెప్పుకొనక తప్పదు. మేము పూర్వము పనిచేసిన ఒక ప్రయోగశాలలో కంప్యూటరు నోటుపుస్తకమును క్రొత్తగా ప్రవేశపెట్టిరి. ఆరుగురికి ఆరు పేర్లు, ఆరు పాస్‌వర్డులు ఉండవలసినది. తొందరగా పని జరుగునని మేమందరము ఒక్క పేరు, ఒక్క పాస్‌వర్డు వాడుకొంటిమి. మాలో ఒక విద్యార్థిని రాత్రులు మేల్కొని, మొండికెత్తిన ఒక పదార్థము స్ఫటికములుగా వేరుపడు ఉష్ణోగ్రతను, ద్రావణమును కనిపెట్టెను. ఏడాది గడచిన తరువాత పేటెంటు దరఖాస్తు సిద్ధము చేయునపుడు, ఈ భాగము ఎవరిది అని ప్రశ్న వచ్చెను. నోటుపుస్తకము తెరచి చూచినచో ప్రతి పుట మీద ఒకే పేరు! ఆమె తానే చేసితినని చెప్పెను. మరియొకరును అట్లే చెప్పిరి. దరఖాస్తులో మూడు పేర్లు చేరెను. ఆమె పేరు చేరలేదు. దొంగ యెవరును లేరు, తాళము పగులలేదు, ఒక్క అక్షరమును ఎవరును మార్చలేదు. అయినను ఒక మనిషి శ్రమ మాయమైనది. ఆ ఒక్క పాస్‌వర్డును వాడినవారిలో మేమును ఉన్నాము గనుక, ఆ తప్పులో మా పాలును కలదు. ఆమె మమ్ము నిందింపలేదు. నిందించినచో మా మనస్సుకు కొంత తేలికగా ఉండెడిది.

అందుచేత మేము మొదట చెప్పెడి మాట ఇది: ఎవరి పేరు వారిది, ఎవరి పాస్‌వర్డు వారిది. స్నేహము కొలది అన్నము పంచుకొనవచ్చును, సంతకము పంచుకొనరాదు.

రెండవ మాట. మంచి నోటుపుస్తకపు ఏర్పాటులో చెరిపివేత ఉండదు. దిద్దినచో పాత వ్రాతయు, క్రొత్త వ్రాతయు, దిద్దినవారి పేరు, దిద్దిన వేళ, కారణము, ఇవన్నియు నిలిచియుండును. కాగితముపై ఒక్క గీతతో కొట్టివేయు పాత కట్టుబాటే ఇది. అమెరికా ఔషధ నియంత్రణ శాఖ 1997లోనే తనకు సంబంధించిన కంప్యూటరు వ్రాతలకు ఇట్టి మార్పుల చిట్టా ఉండవలెనని నిబంధన చేసినది. ఆ దేశమునకు మందులు పంపు మన పరిశ్రమలవారికి ఇది పరిచితమే. ఈ మార్పుల చిట్టాను ఆపివేయు అధికారము పరిశోధకునికి గాని ఆతని పై అధికారికి గాని ఉండరాదు.

మూడవ మాట చట్టమును గూర్చినది. మనదేశమున 2000వ సంవత్సరపు సమాచార సాంకేతిక చట్టము కంప్యూటరు వ్రాతకును, డిజిటల్ సంతకమునకును గుర్తింపు నిచ్చినది. 2024 జులై 1 నుండి అమలులోనికి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమము 63వ విభాగము క్రింద, అట్టి వ్రాతను న్యాయస్థానమున చూపునపుడు ధ్రువపత్రము దాఖలు చేయవలెను. ఆ ధ్రువపత్రమున మేము ఇంతకు ముందు చెప్పిన హ్యాషు ముద్రను కూడ వ్రాయవలసి యున్నది. తగవు వచ్చిన తరువాత దానికై వెదకుట, చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకొనుట వంటిది. వారమున కొకసారియైనను పుటలను ముగించి, సంతకము చేసి, ముద్ర తీయించి, బయటి సాక్షి వద్ద తేదీ వేయించుట అలవాటు కావలెను.

నాలుగవది రహస్యము. పేటెంటు దరఖాస్తు పెట్టక పూర్వము విషయము లోకమునకు వెల్లడియైనచో క్రొత్తదనము పోవును. చట్టమున కొన్ని మినహాయింపులు ఉన్నను వానిని నమ్ముకొని యుండుట మంచిది కాదు. పూర్వము నోటుపుస్తకమును దొంగిలింపవలెనన్న గదిలోనికి రావలసి యుండెను. నేడు ఒక మిత్రునికి చూపుటకై పంపిన లంకె పదిమంది చేతులు మారును. కావున చదువుటకు ఎవరు, వ్రాయుటకు ఎవరు, బయటకు తీసికొనిపోవుటకు ఎవరు అని వేరు వేరుగా హద్దులు పెట్టవలెను. ఉద్యోగము వదలి వెళ్లినవారి ప్రవేశమును వెళ్లిననాడే ఆపవలెను. వారి వ్రాతను మాత్రము భద్రముగా నిలుపవలెను. నోటుపుస్తకమును పరుల సర్వరులో ఉంచునపుడు, ఆ సంస్థ మూతపడినచో మన వ్రాత మనకెట్లు దక్కునో ముందే ఒప్పందమున వ్రాయించుకొనవలెను. దరఖాస్తు సంపూర్ణముగా సిద్ధము కాకున్నను, తాత్కాలిక దరఖాస్తు పెట్టి పండ్రెండు మాసములలో పూర్తి వివరణ మిచ్చు వీలు మన చట్టమున కలదు. గౌల్డువలె యంత్రము పూర్తియగు వరకు ఆగనక్కర లేదు.

ఐదవది, ప్రతులు. ఒక్క చోట ఉన్న వ్రాత లేనట్టిదే. ఒక ప్రతి ప్రయోగశాలలో, ఒక ప్రతి వేరొక యంత్రములో, ఒక ప్రతి వేరొక ఊరిలో ఉండవలెను. సంవత్సరమున కొకసారి ఆ ప్రతిని తెరచి చదివి చూడవలెను. ఎన్నడును తెరువని ప్రతి, తాళపుచెవి పోయిన భోషాణము వంటిది.

ఇంత జాగ్రత్త యెందులకని కొందరు విసుగుకొందురు. వారికి మన భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారిని జ్ఞాపకము చేయుదుము. ఆయన హార్వర్డులో సైరస్ ఫిస్కేతో కలసి 1925లో ప్రకటించిన భాస్వర పరిమాణమును తెలిసికొను పద్ధతి నేటికిని ఆ యిద్దరి పేరనే ప్రసిద్ధమై యున్నది. కాని అక్కడ ఆయన చేసిన పనిలో కొంత వెలుగు చూడలేదనియు, ఆయన వేరుపరచిన న్యూక్లియోటైడులలో కొన్నిటిని తరువాతివారు మరల కనుగొనవలసి వచ్చెననియు, 1988లో నోబెల్ బహుమానము పంచుకొనిన జార్జి హిచింగ్సు చెప్పియున్నారు. వెలుగు చూడని పనివలన నష్టపోవునది ఒక్క మనిషి మాత్రమే కాదు. తెలిసిన దానినే మరల తెలిసికొనుటకు లోకము ఏండ్లు వెచ్చింపవలసి వచ్చును.

పుస్తకము సంస్థదే కావచ్చును; పేటెంటు వలన వచ్చు ధనమును ఒప్పందము ప్రకారము సంస్థకే పోవచ్చును. అది న్యాయమే. కాని ఈ పని నేను చేసితిని అను సత్యము మాత్రము చేసినవారి సొత్తు. దానిని ఏ ఒప్పందమును మార్చజాలదు. ఆ సత్యమును కాపాడుటకే ఈ ముద్రలు, ఈ తేదీలు, ఈ పాస్‌వర్డులు.

మీ ఇంట పరిశోధన చేయు బిడ్డ యున్నచో, రాత్రి ఇంటికి వచ్చినప్పుడు భోజనము చేసితివా అని అడుగుడు. దానితోపాటు, నేటి పని నేడే వ్రాసితివా, నీ పేరుతోనే వ్రాసితివా అనియు ఒక మాట అడుగుడు. మా ప్రయోగశాలలో ఆనాడు మమ్ము ఆ మాట అడిగినవారు లేకపోయిరి.